చూడని దీవికి గైడుని

ఏడో తరగతిలో మా మాస్టారు గోడకు ప్రపంచపటం తగిలించి, సింహళం ఎక్కడుందో చూపించమన్నారు. నేను ఎంతో నమ్మకంగా ఒక సిరా మరక చూపించాను. ఆయన నాకు వాకిలి చూపించారు. నా చదువు అక్కడితో సరి. అలాంటి నేను అమెరికాలో పదకొండేళ్ళపాటు, రోజుకు నాలుగు విడతలు, ఒక గ్రీకు దీవిని జనానికి వర్ణించి జీతం తీసుకున్నాను. ఆ దీవిని ఇప్పటికీ చూడలేదు.

ఇప్పుడీ రాత ఎందుకంటే, మోరిస్‌విల్‌లో ఉండే మా మేనకోడలి కూతురు సింధుకి మ్యూజియంలో గైడు ఉద్యోగం వచ్చింది. ఇక్కడి పిల్లలంతా కంప్యూటర్లలోకి దిగుతుంటే ఇదొక్కతే మనుషుల్లోకి దిగింది.

"తాతయ్యా, వాళ్ళు స్క్రిప్ట్ ఇచ్చేశారు. నేను మెమొరైజ్ చేసేస్తాను. ఇంకేం నేర్చుకోవాలి?" అంది.

నోటితో చెబితే ఫోన్ చూసుకుంటూ వింటుంది కాబట్టి రాస్తున్నాను. దానికి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. ఒకే దెబ్బకి ఇద్దరికీ పాఠం.

ఏ ఏడు జీతం పెరిగిందో, ఏ కాయితం మీద ఎవరు సంతకం పెట్టారో వదిలేస్తున్నాను. చెప్పాల్సింది ఒకటే పెద్ద తప్పు. నా నోటి దురద వల్ల ఒక తండ్రి తన కన్నకూతురి పెళ్ళిలో ఆడనని కూర్చున్నాడు. నా పదకొండేళ్ళ చదువంతా అక్కడే ఉంది.

ఉద్యోగం దొరికిన తీరు

ఫ్లోరిడా పడమటి తీరంలో, ఒక చిన్న నది సముద్రంలో కలిసేచోట ఉంది ఆ ఊరు. కాలిమ్నోస్ అనే గ్రీకు దీవి నుంచి స్పాంజి తీసేవాళ్ళు తాతల కాలంలో అక్కడికొచ్చి స్థిరపడ్డారు. స్పాంజి మొక్క కాదు. సముద్రం అడుగున రాయిని కరుచుకుని బతికే ప్రాణి. మనిషి కిందికి దిగి కోసుకురావాలి. నేను వెళ్ళిన డెబ్భై ఎనిమిది నాటికి స్పాంజి వేట తగ్గి, టూరిస్టుల వేట మొదలైంది.

విశాఖపట్నం నుంచి ఎరువుల ఫాస్ఫేటు కోసం టాంపా రేవుకొచ్చే ఓడలో నేను వంటవాడికి ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. ఓడ వెళ్ళిపోయింది, నేను వెళ్ళలేదు. మిగతాదంతా అప్పుడే ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి విడమరిచి చెప్పాను. వాళ్ళు క్షమించారు, మీరూ క్షమించండి.

టూరిస్టు పడవ యజమానురాలు కిరియా దెస్పినా. కిరియా అంటే మన 'అమ్మగారు'. నల్ల బట్టలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. వాళ్ళందరిదీ విరిగిన ఇంగ్లీషు, నాది అతికించిన ఇంగ్లీషు. ఇక్కడ అందరిచేతా తెలుగే మాట్లాడిస్తాను.

"మీసాలున్నాయి, నల్లజుట్టుంది. చూడ్డానికి మావాడిలాగే ఉన్నావు, నోరు విప్పేదాకా," అంది ఆవిడ.

"నోరు విప్పడమే కదమ్మా ఉద్యోగం?"

"అందుకే జీతం తక్కువ."

సింహాచలం అనే నా పేరు ఆవిడ నోట్లో పట్టలేదు. సీమో అని కత్తిరించి వాడుకుంది.

పని ఇదీ. పడవ అరగంట తిరుగుతుంది. నేను మైకు పట్టుకుని దీవి కథ చెబుతాను. నది దాటి తేటనీళ్ళలోకి రాగానే కప్తాన్ మిహాలిస్ లేచి నిలబడతాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు నిజంగా లోతుల్లోకి దిగినవాడు. రబ్బరు గుడ్డ సూటు, సీసం అడుగులున్న బూట్లు, తలకి రాగి బుర్ర. దానికి ముందు గుండ్రటి అద్దం, వెనక గాలి గొట్టం. ఆయన మెల్లగా నీళ్ళలోకి దిగుతాడు. బుడగలొస్తాయి. అందరూ ఊపిరి బిగబడతారు. కాసేపటికి చేతిలో స్పాంజితో పైకొస్తాడు. చప్పట్లు.

ఆ స్పాంజిని పొద్దున్నే అక్కడి రాయికి కట్టిపెట్టేది నేనే.

మొదటిరోజు నాకు తెలియక దుకాణంలో అమ్మే స్పాంజి కట్టాను. శుభ్రంగా, పసుపుపచ్చగా, ఒళ్ళు రుద్దుకోవడానికి తయారుగా ఉన్నది. సముద్రంలో బతికున్న స్పాంజి నల్లగా, జిడ్డుగా ఉంటుందని నాకేం తెలుసు? ధర చీటీ కూడా తీయలేదు. మిహాలిస్ దాన్ని పైకెత్తి, రాగి బుర్ర అద్దంలోంచి నన్నొక చూపు చూశాడు. నలభై మంది టూరిస్టులు చీటీ వంక చూస్తున్నారు.

"చూశారా, మా ఊళ్ళో సముద్రం కూడా ధర వేసే అమ్ముతుంది," అన్నాను మైకులో.

పడవ ఊగిపోయేలా నవ్వారు. ఆ నవ్వు నాకు మంచి చెయ్యలేదని తర్వాత తెలిసింది. తప్పు చేసి నవ్వించి బయటపడినవాడికి, తప్పు చేశానన్న సంగతి గుర్తుండదు.

ముందే కట్టిపెట్టడం మోసం కాదా అని సింధు అడుగుతుంది. సగం మోసమే. నీళ్ళు నిజం, దిగినవాడు నిజం, ప్రాణి నిజం. అదృష్టం ఒక్కటే మేం ముందుగా ఏర్పాటు చేసింది. ప్రతి గైడూ ఏదో ఒకటి ముందే కట్టిపెడతాడు. ఎక్కడ కట్టిపెట్టాడో వాడికి గుర్తుండాలి, అంతే.

దీవి ఎలా ఉంటుందంటే

పుస్తకం చదివి నేర్చుకునే రకం కాదు నేను. రేవు పక్క కాఫీ దుకాణంలో ముసలివాళ్ళు పాచికలాట ఆడుతుంటే, పక్కన కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. ఒకాయన ఓడరేవు చుట్టూ కొండ మీదికి మెట్లుమెట్లుగా ఇళ్ళుంటాయనేవాడు, అన్నీ నీలమని. ఇంకొకాయన నీలం కాదు, పసుపు అనేవాడు. మూడో ఆయన ఇద్దర్నీ తిట్టి, ఇళ్ళ రంగెవడు చూశాడు, మేం చూసింది గుమ్మాల్లో ఆడవాళ్ళని కదా అనేవాడు. బోడికొండలు, వాటి మీద వాసనాకు పొదలు, ఆ పూల తేనె. ఈస్టర్ అయ్యాక పడవలన్నీ ఒక్కసారే బయలుదేరేవట. ఆకు రాలే కాలానికి తిరిగొచ్చేవట. వెళ్ళిన పడవలెన్నో వచ్చిన పడవలూ అన్నే. మనుషులు మాత్రం తగ్గేవారట.

మధ్యాహ్నం మూడో విడతలో నదిమీద సన్నటి ఆవిరి లేస్తుంది. ఇంజను ఒకే శ్రుతిలో మూలుగుతుంది. టూరిస్టులకి సగం కళ్ళు మూతలు పడుతుంటాయి. అప్పుడు నేను గొంతు తగ్గించి, "ఇప్పుడు మనం రేవులోకి వస్తున్నాం. అదిగో ఎడమపక్క, మొదటి ఇంట్లో ఒకావిడ కిటికీ తెరిచింది," అనేవాణ్ణి. ఎడమపక్క ఉన్నది మడచెట్లు, వాటి మీద నాలుగు కొంగలు. అయినా నలభై తలలూ ఎడమకి తిరిగేవి. నేనూ తిరిగేవాణ్ణి. ఒట్టు, ఆ కిటికీ నాకూ కనిపించేది. నీలం తలుపులు, కిటికీ చెక్క మీద ఆరేసిన తెల్లగుడ్డ, లోపలెవరో రొట్టె కాలుస్తున్న వాసన. కొన్నిరోజులు పడవ రేవుకి తిరిగొచ్చాక కూడా ఎవరూ లేచేవారు కాదు. కిరియా దెస్పినా గట్టుమీంచి చప్పట్లు కొట్టి లేపేది.

మైకు చేతిలో ఉన్నవాడికి ఇదే మత్తు. చూడనిది చూపించగలిగితే, చూసినదాన్ని సరిగ్గా చూశానని కూడా అనుకుంటాడు.

తాగుబోతు ఆట

రెండో ఏడు, వాళ్ళ పండగ రోజున, చర్చి హాలు గుమ్మంలో నిలబడి ఒక నాట్యం చూశాను. మగవాళ్ళు భుజాలమీద చేతులేసుకుని వరసగా అడుగులేస్తున్నారు. వరసకి ముందున్నవాడు ఒక ముసలాయన, చేతిలో కర్ర. కాళ్ళు గడగడ వణుకుతున్నాయి. ఒక అడుగేస్తాడు, మోకాలు కూలుతుంది, తొడమీద చేత్తో కొట్టుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. చివర్లో కర్ర పక్కన పెట్టేసి కుర్రాడిలా నాలుగు అడుగులేశాడు. నాకు నవ్వాగలేదు. తాగినవాడి వేషం ఎంత బాగా కట్టాడు! చుట్టూ ఎవరూ నవ్వడం లేదు. వీళ్ళకి హాస్యం తెలియదు పాపం అనుకున్నాను.

వారం తిరక్కుండా దాన్ని పడవెక్కించాను. మిహాలిస్ సూటు తొడుక్కునే పది నిమిషాలూ జనానికి తోచేది కాదు. అప్పుడు తుడుపుకర్ర పట్టుకుని, "మా దీవిలో మందెక్కువైతే ఇలా ఆడతారు," అని కాళ్ళు వణికించేవాణ్ణి. కడుపుబ్బ నవ్వేవారు. పిల్లలు నాతోపాటు వణికేవారు. ఊరి పిల్లలు కూడా నేర్చుకున్నారు. రోజుకి నాలుగుసార్లు, మూడేళ్ళు.

మిహాలిస్ పక్కనే బల్ల మీద కూర్చుని ఉండేవాడు, రాగి బుర్ర ఒళ్ళో పెట్టుకుని. ఏమీ అనేవాడు కాదు. అప్పట్నుంచి పండగ హాల్లో ఆ వరస ముందు ఎవరూ నిలబడడం లేదని కూడా నేను గమనించలేదు.

ఎనభై మూడులో, ఒకరోజు రెండో విడతలో, లంగరు గొలుసులో వేలు పడి "ఓలమ్మో!" అని అరిచాను. ముందు వరసలోంచి ఒకావిడ లేచి నిలబడింది.

"ఏమండీ, ఈయన మనవాడేనండీ!"

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి సెలవులకొచ్చిన దంపతులు. ఆయన కార్ల కంపెనీ ఇంజనీరు. ఆయన మెళ్ళో కెమెరా లెన్స్ సరిచేసుకుంటూ, "మనవాళ్ళు గ్రీకులెలా అవుతారు, కూర్చో," అన్నాడు. అవుతారని మీసం తిప్పి చూపించాను. ఆ హుషారులో తుడుపుకర్ర పట్టుకుని తాగుబోతు ఆట మామూలుకంటే రెండింతలు ఆడాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

"అన్నయ్యగారూ," అంది, ఇంకెవరికీ అర్థంకాదన్న ధీమాతో మామూలు గొంతుతోనే. "ఆ పెద్దాయన కాలు కూడా అచ్చం అలాగే వణుకుతోంది కదండీ. పాపం, ఆయన ఎదురుగానే చేస్తారా?"

తిరిగి చూశాను. మిహాలిస్ ఎడమకాలికి బూటు తొడుక్కుంటున్నాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని, కాలిని బూటులోకి దించుకుంటున్నాడు. ఐదేళ్ళుగా ఆ కాలు చూస్తున్నాను. ముసలితనం అనుకున్నాను. ఆ కాలినీ, ఆ నాట్యాన్నీ కలిపి ఒక్కసారీ చూడలేదు. ఎడమపక్క లేని కిటికీ కనిపించింది గానీ, పక్కనున్న కాలు కనిపించలేదు.

ఆ విడతలో తర్వాతేం చెప్పానో గుర్తులేదు.

మానేస్తే సరిపోతుందనుకున్నాను

మర్నాటి నుంచి ఆ వేషం ఆపేశాను. అంతటితో సర్దుకుందనుకున్నాను. గైడుల్లో ఇదొక జబ్బు. చెప్పడం మానేస్తే, చెప్పింది కూడా గాలిలో కలిసిపోతుందనుకుంటాం.

రెండు వారాల తర్వాత మిహాలిస్ కూతురు కల్యోపి రేవుకొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, ఇక్కడే పుట్టింది. వచ్చే ఆదివారం పెళ్ళి.

"సీమో, మా నాన్న నా పెళ్ళిలో ఆడనంటున్నాడు."

"కాలు నొప్పేమో..."

"ఆ కాలితోనే మా అక్క పెళ్ళిలో ఆడాడు. స్పాంజికి దిగి కాళ్ళు పడిపోయినవాళ్ళ నాట్యం అది. మా ఇంట్లో ఆయన మాత్రమే ఆడగలడు. ఏమన్నాడో తెలుసా? 'ఆ నాట్యం ఇప్పుడు పడవ మీద అమ్ముతున్నారు, టికెట్టు కొనుక్కుని చూడమను' అన్నాడు." కళ్ళు తుడుచుకోలేదు, నన్నే చూస్తూ నిలబడింది. "ఆయన ఆడకుండా నేను ఆ హాల్లోంచి అత్తారింటికి వెళ్ళను. నువ్వేం చేస్తావో నాకు తెలీదు."

మిహాలిస్ పడవ మీదే గొట్టానికి గుడ్డ చుడుతున్నాడు. వెళ్ళి, నాకొచ్చిన క్షమాపణలన్నీ చెప్పాను. ఆయన గుడ్డ చుట్టడం ఆపలేదు.

"కప్తాన్, మూడేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదా, అది తప్పురా అని?"

"నేను చెప్పాలా? చెప్పేవాడివి నువ్వు కదా."

  అయితే ఆ నాట్యమేమిటో నాకు నేర్పించమని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"రేపు పొద్దున, మొదటి విడతకి ముందు రా. ఏమీ తినకు."

నీళ్ళ అడుగున

తెల్లవారాక పడవని తేటనీళ్ళలో నిలిపి, ఆయనే నాకు సూటు తొడిగాడు. బూట్లు కట్టాక కాళ్ళు నావి కావనిపించింది. నడుముకి తాడు కట్టాడు. "ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే పైకి రా. అంతకంటే మాటలు లేవు." రాగి బుర్ర తలమీద పెట్టి తిప్పి బిగించాడు. ప్రపంచం గుండ్రటి అద్దమంత అయింది.

దిగాను.

మూడు నిలువుల లోతు. ఆయన లెక్కలో అది నీళ్ళే కాదు. గాలి చెవుల దగ్గర ఉస్సుమంటోంది. తర్వాత అదీ వినబడడం మానేసింది. వెలుతురు పందిరి ఆకుల్లోంచి పడే ఎండలా చీలికలు చీలికలుగా దిగుతోంది. ఇసుక మీద గడ్డి ఒకేసారి అటూ, ఒకేసారి ఇటూ ఒరుగుతోంది, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఒక చిన్న చేప అద్దం దగ్గరికొచ్చి, నా మీసాలు చూసి, ఆలోచించుకుని వెళ్ళిపోయింది. దానికొక మాట అనబోయాను. రాగి బుర్రలో నా గొంతు నాకే తగిలింది. నా మాట వినడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. వినబుద్ధి కాలేదు.

ఎంతసేపున్నానో తెలియదు. పైకి రావాలని లేదు. మిహాలిస్ వాళ్ళు ఎందుకు మళ్ళీమళ్ళీ దిగారో, ఇళ్ళ రంగులు ఎందుకు ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తున్నాయో అక్కడ అర్థమైనట్టు అనిపించింది. పైకొచ్చాక చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను.

తాడు రెండుసార్లు కదిలింది. పైకి లేచాను. సగంలో ఒకసారి కదిలింది. ఆగమని. కింద నేల లేదు, పైన గాలి లేదు. వేలాడుతున్నాను. వెలుతురు అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేటట్టు. మూడు పాటలు పాడుకునేంతసేపు ఆపాడు. పిచ్చెక్కింది.

పడవ మీదికి లాగి బుర్ర విప్పగానే నిలబడబోయాను. కాళ్ళు ఆగలేదు. బరువుకో, భయానికో, మోకాళ్ళు రెండూ గడగడలాడిపోతున్నాయి. తుడుపుకర్ర పక్కనే ఉంది. అదే పట్టుకుని నిలబడ్డాను.

మిహాలిస్ నా కాళ్ళ వంక చూశాడు.

"ఊఁ. ఇప్పుడు నవ్వించు," అన్నాడు.

తర్వాత బల్ల మీద కూర్చుని చెప్పాడు. నిజమైన లోతు నుంచి రావాలంటే మధ్యలో ఆగి ఆగి రావాలి. గబగబా వస్తే, మూత తీసిన సోడాలాగ రక్తం పొంగుతుంది. వాళ్ళ రోజుల్లో పడవ యజమానులు ఆగనిచ్చేవారు కాదు. ఆయన అన్న యానిస్ ఇరవై రెండేళ్ళ వయసులో పైకొచ్చి, నవ్వుతూ సిగరెట్టు అడిగి, వెలిగించుకునేలోపు నడుము కింద చచ్చుబడ్డాడు. మరుసటి ఏడు మిహాలిస్ ఎడమకాలు.

"అన్న ఇంటికొచ్చి, కాళ్ళలో కాస్త జీవం తిరిగాక పండగలో ముందు నిలబడ్డాడు. కర్రతో. పడ్డాడు, లేచాడు. వెనకవరస వాడికోసం ఆగింది, వదిలి వెళ్ళలేదు. చివర్లో కర్ర పక్కన పెడతారు చూశావా? అది నిజంగా జరగదు. ఆ నాలుగడుగులూ వాడు కలలో వేసేవి. మేం వాడికి తోడుగా ఆ కలలోకి వెళ్ళొస్తాం."

"పెళ్ళిలో ఆడండి, కప్తాన్."

"చూద్దాం," అన్నాడు. నా మాటకి ఆయన ఒప్పుకున్నదీ, ఒప్పుకోనిదీ అంతే.

ఆదివారం

పెళ్ళి మధ్యాహ్నం. చర్చి హాల్లో వయొలిన్ మొదలైంది. మగవాళ్ళు వరస కట్టారు. ముందు చోటు ఖాళీగా ఉంది. వాయించేవాళ్ళు మొదటి ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తున్నారు. కల్యోపి తెల్లబట్టల్లో నిలబడి తండ్రినే చూస్తోంది. మిహాలిస్ కుర్చీలో బల్లగుడ్డ అంచు మడతపెడుతున్నాడు. గోడపక్కన ఇద్దరు పిల్లలు అప్పుడే కాళ్ళు వణికించడం మొదలుపెట్టారు. నేను నేర్పిన విద్య. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది, సూటు లేకుండా.

వెళ్ళి ఆ పిల్లల ముందు మోకాళ్ళమీద కూర్చున్నాను. "అది తాగుబోతు ఆట కాదర్రా. నేను తెలియక చెప్పాను. అది ఆయన అన్నగారి నాట్యం. చూడండి," అన్నాను. నెమ్మదిగానే అన్నాను గానీ, మైకు గొంతు కదా, హాలంతా వినిపించింది. నా బతుకులో మొదటిసారి నేనొక మాటంటే ఒక్కరూ నవ్వలేదు.

మిహాలిస్ లేచాడు. కర్ర తీసుకుని వరస ముందుకి నడిచాడు. నిలబడి, వెనక్కి తిరిగాడు.

"సీమో. ఇలా రా. రెండోవాడివి నువ్వు."

రెండోవాడు ముందువాడి చెయ్యి పట్టుకుంటాడు, మధ్యలో ఒక రుమాలు. ముందువాడు ఒరిగితే ఆపేది వాడే. నాకు అడుగులు రావని చెప్పబోయాను. "అడుగులు నావి. బరువు నీది," అన్నాడు.

ఆయన కాలు వణికింది. మోకాలు కూలినప్పుడల్లా నా మణికట్టు మీద మనిషి బరువంతా పడింది. అందులో నటన ఎంతో నా చేతికి తెలుసు. మా వెనక వరస మొత్తం ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. వయొలిన్ చెవుల దగ్గర గాలిలా ఉంది. కిటికీలోంచి ఎండ చీలికలుగా పడుతోంది. ఒక్క క్షణం నాకది హాలో, సముద్రమో, నేను చూడని ఆ దీవో తెలియలేదు. ఆయన కర్ర పక్కన పెట్టాడు. నా చేతిమీద బరువు పోయింది. నాలుగడుగులు. ఐదోది లేదు. మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నాడు.

కల్యోపి వచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మొహం తుడిచింది. నా చేతిలోని రుమాలు తీసుకుని దాంతోనే తన కళ్ళు తుడుచుకుంది.

నేను ఆయన పక్కన చతికిలబడి, చెవిలో చెప్పాను. "కప్తాన్, ఒట్టేసి చెబుతున్నాను. ఇంక పడవ మీద ఈ నాట్యం గురించి ఒక్క మాట కూడా మాట్లాడను."

ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా వంక జాలిగా చూశాడు.

"మాట్లాడకుండా ఉండడానికి నీకు జీతం ఎవరిస్తారు? చెప్పు. యానిస్ సంగతి, సోడా సంగతి, అంతా చెప్పు. నవ్వాల్సిన చోట మాత్రం నీ పేరు పెట్టు."